మిరాశి పోయిన పాటగాండ్రు

గోదావరి మహారాష్ట్రభూమిని దాటి తెలుగునేలలో అడుగిడిన కొలదిదూరముననే బాసర క్షేత్రము కలదు. వీణాపాణి యని లోకము కీర్తించు జ్ఞానసరస్వతి సన్నిధికి ఏటేట వేలకొలది తల్లిదండ్రులు పసిబిడ్డలను వెంటబెట్టుకొని వచ్చి, పలకపై తొలి అక్షరము దిద్దించి, ఆ బిడ్డల బ్రతుకు అక్షరబలముతో వెలుగునని నమ్మి మరలిపోవుచున్నారు. ఆ తల్లి అక్షరమునకెట్లో నాదమునకును అట్లే అధిదేవత. అయినను ఆ క్షేత్రమునకు నలుదిక్కుల వ్యాపించిన ఆదిలాబాదు, నిర్మల్, కరీంనగర్, నిజామాబాదు సీమలలో తరతరములుగా నాదమునే జీవికగా చేసికొన్న జనసమూహములలో పెక్కింటికి ఆమె ఇచ్చినవానిలో రెండవది మాత్రమే అందినది. వారి కథలు నోటినుండి నోటికి నడచినవే కాని బడిమెట్లు ఎక్కినవి కావు. ఇట్టి గాయకులే, పాశ్చాత్యదేశములలో సంగీతకారుల ఆధునిక సంఘములు పుట్టుటకు పూర్వమే, తమ పాటకు దక్కవలసిన ప్రతిఫలమును కులమంతయు ఒక్కటై నిర్ణయించుకొని, ఒక్కటై రాబట్టుకొని, ఒక్కటై కాపాడుకొనిరి. ఆ కట్టుబాటునకు మిరాశి యని పేరు. అది నడచిన తీరును, చెడిన తీరును, చెడినపిమ్మట దాని స్థానమున వచ్చినదానిని, రానిదానిని చెప్పుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

తెలంగాణమున దాదాపు ప్రతి వృత్తికులమునకును దాని పుట్టుపూర్వోత్తరములను గానముచేయు ఆశ్రితకులము ఒకటియో రెండో కలవు. పద్మశాలీలకు కూనపులివారును సాధనాశూరులును, గౌడులకు గౌడజెట్టివారును ఏనూటివారును, చాకలివారికి పటముకథ చెప్పు మాసయ్యలు, ముదిరాజులకు కాకిపడగలవారు, గొల్లలకు మందహెచ్చులవారు, విశ్వబ్రాహ్మణులకు రుంజవారును పనసవారును, మాదిగలకు చిందువారు, డక్కలివారు, నులకచందయ్యలు, మాష్టివారు — ఈ విధముగా ఆ పట్టిక సాగును. దాతకులము వేరు, గాయకకులము వేరు. అయినను ఒకరి వంశప్రతిష్ఠ రెండవవారి కంఠమున నిలిచియుండెను. రుంజవాద్యము మ్రోగనిదే విశ్వకర్మపురాణము లేదు. పటము విప్పనిదే మార్కండేయపురాణము లేదు. చేర్యాల నకాశీ చిత్రకారులు గజములకొలది గుడ్డపై వ్రాసి యిచ్చిన పటమును మోసికొని, కూనపులివారు సిరిసిల్ల ప్రాంతపు సాలెవాడలకు వచ్చి, ఘట్టమువెంట ఘట్టము చూపుచు, మగ్గము పుట్టుకను భావనాఋషి చరిత్రమును రాత్రులవెంబడి పాడుచుండగా, నేతగాడు తన చేతిపనికి దైవమూలము కలదని విని తలయెత్తుకొనుచుండెను. నేతగానికి తన కులగౌరవము ఆ గాయకుని వలననే కలుగుచుండెను గనుక, ఆ గాయకునకు ఇచ్చునది భిక్షమని ఎవ్వరును తలపలేదు. దానిని త్యాగమనిరి, కట్నమనిరి, హక్కనిరి.

ఈ హక్కు నడచు పద్ధతి మిక్కిలి చక్కనిది. ఒక్కొక్క గాయకకుటుంబమునకు ఇన్ని గ్రామములని ముందే పంపకము జరిగియుండును. ఆ గ్రామములలోని దాతకులపు గడపలన్నియు ఆ కుటుంబమువే. వేరొక బృందమువారు అనుమతి లేక అందు గజ్జె కట్టరాదు, పటము విప్పరాదు. అన్నదమ్ములు వేరుపడినప్పుడు పొలమువలెనే గ్రామములును పంచుకొనబడెడివి; ఆడపిల్లకు అరణముగా గ్రామములను ఇచ్చిన కుటుంబములును, అక్కఱ పడి తాకట్టుపెట్టిన కుటుంబములును ఉండెడివి. కొందఱు తమ హక్కును తామ్రశాసనములపై చెక్కించి, దేవుని పెట్టెలో దాచి, వివాదము వచ్చినపుడు తెచ్చి చూపుచుండిరి. వివాదమును తీర్చునది కులపంచాయతి. తప్పు చేసినవానికి దండుగ, మాట వినని వానికి వెలి. దాతల పక్షమునను ఇట్టి నియమమే యుండెను: ఆ ఊరి కులమంతయు ఇంటింటికి ఇంతయని చందా వేసికొని, పెద్దమనిషి చేతిమీదుగా గాయకబృందమునకు ముట్టజెప్పవలెను. ఏ ఒక్క యజమాని దయాదాక్షిణ్యములపైనను గాయకుడు ఆధారపడలేదు. కులము కులముతో బేరమాడెను. ఒంటరిగాయకుడు ధనవంతుని గుమ్మమున నిలిచి బేరమాడిన, ఆ బేరమున గెలుపెవరిదో చెప్పనక్కఱలేదు; మిరాశి ఆ ఒంటరితనమునే తొలగించినది. పోటీగా మఱియొకడు తక్కువ కూలికి పాడుటకు వచ్చు భయమును గూడ తొలగించినది. నేటి సంఘములు సభ్యత్వపుచీట్లతోను సమ్మెలతోను సాధింపజూచు రెండు ప్రయోజనములును ఇవియే కదా.

ఒగ్గుకథకులది కొంత వేరు త్రోవ. వీరు కథకులును పూజారులును గూడ. మల్లన్నపట్నము వేయవలెనన్నను, బీరప్పకొలుపు జరుపవలెనన్నను ఒగ్గుపూజారి రావలెను, డోలు మ్రోగవలెను, వంతగాండ్రు అందుకొనవలెను. ఓదెల మల్లన్నను కొలుచు కరీంనగరపు కురుమ గొల్ల కుటుంబములు పట్నాలకు పిలిచిన పూజారికి ధాన్యము, గొఱ్ఱె, వస్త్రము, రొక్కము ముట్టజెప్పుట ఆచారము. వేములవాడ చెంతనున్న హన్మాజిపేటకు చెందిన మిద్దె రాములు ఈ కళను ఊరిగుడిసెల ముంగిళ్లనుండి నగరరంగస్థలములకు కొనిపోయెను. అట్లే బాసరకు గోదావరి ఆవలిదరిని, బోధన్ ప్రాంతమున, చిందు ఎల్లమ్మ యక్షగానవేషములలో జీవితమంతయు గడపి ప్రసిద్ధి వహించెను. ఈ ఇరువురి పేర్లును మనకు తెలిసినవి. వారితో వంతపాడినవారి పేర్లు, డోలు కొట్టినవారి పేర్లు ఎందరికి తెలియును? బృందకళలో ఒక్కని పేరు నిలిచి తక్కినవారు మఱుగుపడుట మన కాలపు సన్మానపద్ధతులు తెచ్చిన దోషము. మిరాశిలో వాటా బృందమునకు వచ్చి, బృందములో పంచుకొనబడెడిది.

ఆదిలాబాదు గోండుసీమకు వచ్చినచో ఈ సంబంధము మఱింత గాఢముగా కానవచ్చును. రాజగోండులకు గాయకులు పర్ధానులు. కొన్ని యెడల తోటీలు. మూడు తంత్రుల కిక్రీని కమానుతో వాయించుచు, పెప్రే ఊదుచు, పర్ధాను పాడిననే కాని గోండుకులదైవమైన పెర్సాపేనునకు పూజ నిండదు. సగలనబడు వంశశాఖల పుట్టుక, పహండి కుపార్ లింగాలు గోండులను గుహనుండి విడిపించిన వృత్తాంతము, పూర్వరాజుల యుద్ధములు అన్నియు పర్ధాను నోటనే నిలిచియున్నవి. 1941 ప్రాంతమున ఆదిలాబాదునకు వచ్చి, మార్లవాయిలో నివసించి, గోండుల జీవితమును పరిశీలించిన మానవశాస్త్రజ్ఞుడు హైమెండార్ఫు 1948లో వెలువరించిన గ్రంథమున ఈ పర్ధానుల స్థితిని సవిస్తరముగా వర్ణించెను. ఇంట మరాఠీ మాటలాడు ఈ గాయకులు గోండీభాషలో గోండులకంటె గంభీరముగా పురాణము చెప్పుదురనుట ఆ వర్ణనలలో నన్ను మిక్కిలి ఆకర్షించిన అంశము. ప్రతి పర్ధానుకుటుంబమును ఒక్కొక్క గోండువంశమునకు కట్టుబడియుండును. ఆ గోండు తన పర్ధానును మార్చుకొనరాదు, ఆ పర్ధాను తన గోండును విడువరాదు. పెండ్లికి, చావునకు, దేవరపండుగకు పర్ధానునకు వాటా కలదు. పశువో, ధాన్యమో, వస్త్రమో, రొక్కమో — దాత స్థితిని బట్టి అది మారును గాని, ఇవ్వకుండుట మాత్రము లేదు.

పర్ధానునకు గల ఈ బలము ఎక్కడిది? గోండు సంఘమున పర్ధాను హోదా తక్కువది. గోండు అతనితో కలిసి భుజింపడు. అతనికి భూమి లేదు, ఆయుధము లేదు. అయినను అతడు కిక్రీని గోడకు తగిలించి కూర్చున్నచో చచ్చినవాని ఆత్మ పితరులను చేరదు, పేను మేలుకొనదు. మ్రోగకుండుట యను అస్త్రము అతనిచేతిలో ఎల్లప్పుడు ఉండెను. ఆ అస్త్రమును ప్రయోగింపనక్కఱ లేకయే, అది కలదను ఎఱుక చేతనే, అతని వాటా అతనికి చేరుచుండెను. సంగీతకారుని హక్కునకు మూలము సంగీతకారుని అనివార్యతయే యని నేను నమ్ముదును. ఆ అనివార్యత సన్నగిల్లిన నాడు కాగితముపై ఎన్ని హక్కులు వ్రాసినను అవి నీరసించుచున్నవి.

పర్ధానుల పతనము వారి తప్పు వలన కలుగలేదు. ఇరువదవ శతాబ్దపు తొలిదశకములలో అడవులు రక్షితారణ్యములుగా హద్దులు వేయబడి, పట్టాలెఱుగని గోండులు దున్నిన భూములు వలసవచ్చిన రైతుల పాలై, దాతయే దరిద్రుడయ్యెను. 1940లో జోడేఘాటు కొండలలో గోండునాయకుడు కుమ్రం భీము నేలకొరగుటకు దారితీసిన ఆవేదన ఈ భూమినష్టమునుండి పుట్టినదే. గోండు ఆవును కోల్పోయినపుడు పర్ధాను వాటా గూడ ఆ ఆవుతోనే పోయినది. భూమి పోయిన రైతును గూర్చి చరిత్రకారులు వ్రాసిరి. ఆ రైతు ఇంట పాడుకొని బ్రతికిన వానిని గూర్చి వ్రాసినవారు మిక్కిలి కొలది. నేడు తోటీలు అత్యంత బలహీనమైన ఆదిమతెగలలో ఒకటిగా ప్రభుత్వపు పట్టికకెక్కియున్నారు.

అయితే పాతకాలమునంతటిని పూలదండలతో అలంకరించుట నా అభిమతము కాదు. మిరాశి ఇచ్చిన గౌరవమునకు కులపుసంకెల వెల. డక్కలివాడు మాదిగవాడ దాటి ఊరిలో అడుగుపెట్టరాని కాలము ఉండెను. చిందుకులపు స్త్రీలు వేషము కట్టినంతసేపు దేవతలు, వేషము విప్పినంతనే అంటరానివారు. వారిలో కొందఱిని జోగినులుగా మార్చి ఊరిపెద్దలు పాపము కట్టుకొనిరి. ఇక డప్పు సంగతి వేరుగా చెప్పవలెను. మిరాశిగాయకునకు వాటా కలదు. డప్పు కొట్టు మాదిగకు పెక్కుచోట్ల వెట్టి మాత్రమే కలదు. దొర ఇంట శుభమైనను అశుభమైనను, ఊరిలో చాటింపు వేయవలసినను, అధికారి వచ్చినపుడు ఎదురేగవలసినను డప్పు భుజమున వేసికొని పరుగెత్తవలెను. కూలి అడిగినచో కొరడా సమాధానము. వాద్యమే దాస్యచిహ్నముగా మారిన దురవస్థ ఇది. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్రమహాసభ జరిగినది మొదలు, 1935లో మాడపాటి హనుమంతరావు అధ్యక్షులుగా సిరిసిల్లలో నాలుగవ సభ జరిగిన నాటికి, వెట్టినిర్మూలనము ఆ ఉద్యమపు ముఖ్యాశయములలో ఒకటియై నిలిచినది. సంగీతకారుని కూలిని గూర్చిన పోరాటముగా దీనిని చరిత్రగ్రంథములు లెక్కింపలేదు, నేను లెక్కింతును. ఉచితముగా వాయింపను అను మాట ఈ సీమలో మొదట పుట్టినది డప్పు కొట్టువాని గుండెలోనే. అరువదేండ్లు గడచినపిమ్మట, 1994లో మాదిగల ఉద్యమము దండోరా యను పేరుతో లేచి, ఆ డప్పునే జెండాగా ఎత్తుకొన్నది.

దేవాలయముల మేళగాండ్రది మఱియొక కథ. క్షేత్రములలో ఉదయపు మేలుకొలుపునుండి పవళింపుసేవ వరకు సన్నాయియు డోలును వినిపించినవారు ప్రధానముగా నాయీబ్రాహ్మణులు. వారి సేవకు ప్రతిగా ఇనాముభూములును, ప్రసాదములో వాటాయు, వంశపారంపర్యమైన కొలువును ఉండెడివి. హైదరాబాదు రాష్ట్రమున 1955లో ఇనాముల రద్దుచట్టము వచ్చినది. 1987లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము చేసిన దేవాదాయచట్టము మిరాశీదారులు, అర్చకులు, తక్కిన దేవాలయోద్యోగులు, సేవకులు అందఱి వంశపారంపర్యపు హక్కులను ఒక్కకలముతో రద్దుచేసెను. అర్చకులు సర్వోన్నతన్యాయస్థానము వరకు పోరాడిరి. 1996లో న్యాయస్థానము ఆ రద్దును సమర్థించెను. అర్చకులు సంఘటితులై పట్టు విడువకుండుట వలన 2007లో చట్టమును సవరించి వారికి కొంత ఊరట కలిగించిరి. మేళగాండ్రకు అట్టి గొంతుక లేకపోయెను. పుట్టుకను బట్టి కొలువు రాకూడదనుట న్యాయమే. దానిని నేను ప్రశ్నింపను. కాని కొలువుతోపాటు ఇన్ని తరముల వాటాను తీసికొన్నపుడు, వారి స్థానమున నియమింపబడు వాద్యకారునకు గౌరవప్రదమైన జీతమును, వృద్ధాప్యమున భృతియు, గురువునొద్ద నేర్చుకొను పిల్లవానికి అవకాశమును కల్పించుట ప్రభుత్వధర్మము. మీట నొక్కినంతనే గంటయు డోలును తామే మ్రోగు యంత్రమును గర్భాలయము ముందు నిలుపుట ఈ ధర్మమును తీర్చినట్లు కాదు.

యంత్రము మాట వచ్చినది గనుక దాని కథ కొంత చెప్పవలెను. మాంచెస్టరులో 1893లో జోసెఫ్ విలియమ్స్ అను వాద్యకారుడు వాద్యకారుల సంఘము స్థాపించెను. అమెరికాలో 1896లో సంగీతకారుల సమాఖ్య ఏర్పడెను. గ్రామఫోను, రేడియో వచ్చి సభలలోని వాద్యబృందములను నిరుద్యోగులను చేయుచుండగా, ఆ సమాఖ్యాధ్యక్షుడు జేమ్స్ పెట్రిల్లో 1942 ఆగస్టు 1 నుండి సభ్యులెవ్వరును రికార్డులకు వాయింపరాదని శాసించెను. రెండేండ్లకు పైగా ప్రధాన రికార్డుసంస్థలు పట్టుబట్టి నిలిచి, తుదకు తలవంచి, అమ్ముడుపోవు ప్రతి రికార్డుపై కొంత పైకమును సంఘపునిధికి చెల్లించుటకు అంగీకరించినవి. ఆ నిధితో పనిలేని సంగీతకారులకు కూలి యిచ్చి ప్రజలకు ఉచితముగా కచ్చేరీలు చేయించిరి. యంత్రము తెచ్చిన లాభములో యంత్రము వలన నష్టపడినవానికి వాటా కలదను సూత్రము అట్లు స్థిరపడినది. కిక్రీని గోడకు తగిలించి కూర్చుండగల పర్ధాను బలమే ఇక్కడ సమ్మెరూపమున కనబడుచున్నది.

మనవైపు రికార్డు వచ్చినది గాని ఆ సూత్రము రాలేదు. చెన్నపట్టణమున తెలుగుచిత్రములకు వాయించిన వాద్యకారుల పక్షమున నిలిచినవాడు చిత్తూరున 1925లో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్, సామ్యవాది, సంగీతదర్శకుడు, బృందగానమునకు దక్షిణదేశమున ప్రాణము పోసినవాడు. చలనచిత్ర వాద్యకారులను సంఘముగా కూర్చి, కాల్షీటుకు ఇంతయని కూలి నిర్ణయమగుటకు ఆయన పాటుపడెను. కాని కూలి వాయించిననాటికి మాత్రమే. పిమ్మట ఆ పాట ఎన్నివేల మాఱులు మ్రోగినను వాద్యకారునకు కాసు రాదు. 1977లో సర్వోన్నతన్యాయస్థానము చిత్రము కొఱకు కూర్చబడిన సంగీతమునకు నిర్మాతయే తొలి హక్కుదారుడని తీర్పు చెప్పెను; అదే తీర్పున జస్టిస్ కృష్ణయ్యరు, పాడువాని ప్రతిభకు మన చట్టమున రక్షణ లేకపోవుటను ఎత్తిచూపెను. 1994లో ప్రదర్శకుని హక్కు చట్టమునకెక్కినది. 2012లో కవికిని స్వరకర్తకును విడదీయరాని రాయల్టీవాటా లభించినది. ఈ సవరణలు సామాన్యమైనవి కావు. వీనివెనుక ఎందరో కళాకారుల సమష్టికృషి కలదు.

అయినను ఒగ్గుకథకుడు ఈ చట్టము తలుపు తట్టినచో అతనిని అడుగు మొదటి ప్రశ్న, నీ పాటకు కర్త ఎవరని. మల్లన్నకథకు కర్త ఎవరు? కులమంతయు కర్తయే. వ్యక్తిని మాత్రమే గుర్తించు చట్టము కులపుపాటను ఎవరిదియు కానిదానిగా చూచును. ఎవరిదియు కానిది ఎవరైనను తీసికొనవచ్చును. ఇట్లు పల్లెల బాణీలు క్యాసెట్లకు ఎక్కినవి, చిత్రములకు ఎక్కినవి, చరవాణులలో తిరుగుచున్నవి. వానిని కాపాడినవారి పంచాయతులకు పైసా చేరలేదు. మిరాశి కాలమున ఒక ఊరిలో పాడుటకు వేరొక బృందము అనుమతి అడుగవలసియుండెను. ఆ చిన్నపాటి మర్యాద మహానగరపు స్టూడియోలకు లేకపోయెను.

తెలంగాణ రాష్ట్రోద్యమము ఈ గాయకులకు క్రొత్త అనివార్యత నిచ్చినది. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం సభలు పండ్రెండేండ్లకు రాష్ట్రముగా ఫలించుటలో పాట వహించిన పాత్రను కాదనువారు లేరు. రాష్ట్రమేర్పడినపిమ్మట సాంస్కృతికసారథి స్థాపింపబడి, 550 మంది కళాకారులకు నెలజీతము లభించినది. ఒంటికి గుడ్డ, పొట్టకు కూడు నిశ్చయముగా దొరకుట గొప్ప విషయము. దానిని తక్కువచేసి మాటలాడుట అన్యాయము. కాని ఎంపిక చేయునది ప్రభుత్వము, పాటకు వస్తువు నిర్ణయించునది ప్రభుత్వము. తమ పక్షమున బేరమాడు గొంతు గాయకులకు ఇంకను రాలేదు. బిరుదుల సంగతియు ఇట్టిదే. పండ్రెండుమెట్ల కిన్నెరను వాయించు డక్కలి దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చినది. 2024లో అతడు దినకూలికి పోవుచున్నాడని పత్రికలు వ్రాసినవి. బిరుదు వ్యక్తికి వచ్చును, పోషణ వ్యవస్థనుండి రావలెను. వ్యవస్థ లేనిచోట బిరుదును భుజించి బ్రతుకుట ఎవరికిని సాధ్యము కాదు.

కావలసినది మిరాశిలోని కులమును విడిచి మిరాశిలోని సమష్టిని నిలుపుకొనుట. బృందమును హక్కుదారుగా నమోదుచేయు పద్ధతి ఏర్పడవలెను. కేవలము గాయకుని పేరు కాక డోలు, తాళము, వంత అందఱి పేర్లును ఒప్పందమునకెక్కవలెను. విశ్వవిద్యాలయములును ఆకాశవాణియు తమవద్ద భద్రపఱచిన పర్ధాను, ఒగ్గు, చిందు ధ్వనిముద్రణములను వాడుకకు ఇచ్చునపుడు ఆ ఊరి బృందమునకు రుసుము చెల్లింపవలెను. జాతరలకు, ఉత్సవములకు పిలుచు అధికారులు కూలిరేటును బృందముల ప్రతినిధులతో కూర్చుండి నిర్ణయింపవలెను. ప్రయాణపు ఖర్చు వేరుగాను, వాయించిన కూలి వేరుగాను, ఆ దినముననే చెల్లింపవలెను. కేస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం వంశమువారు తమ పర్ధానులకు వాటా తీయకుండ పూజ ముగింపరు. ఆ జాతరకే వేదిక కట్టించి, మైకులు పెట్టించి, కళాకారులను రప్పించు శాఖలు ఈ కట్టుబాటును వచ్చే పుష్యమాసపు అమావాస్యనాటికే తామును పాటించుట ఆరంభింపవచ్చును. అందులకు క్రొత్త చట్టము గాని, ఢిల్లీ అనుమతి గాని అక్కఱలేదు.